అమ్మమ్మ ముత్తాత పేరు పాత బాప్తిస్మం రికార్డుల్లో వెతకడం ఎలా?

అందరికీ వందనాలు. మాది ఒంగోలు. మా అమ్మమ్మ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరుగా రిటైరైంది. ఇప్పుడు 81 ఏళ్లు. తెల్లారుజామున నాలుగింటికే లేచి బైబిలు చదువుకుని, పిల్లలు, మనవల పేర్లన్నీ వరసగా చెప్పి ప్రార్థన చేస్తుంది. ఫోన్ చెయ్యనివాళ్ల పేరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతుంది (అది నాకేనని తెలుసు).

ఈమధ్య రూళ్ల పుస్తకంలో ఇంటి చరిత్ర రాస్తోంది. తన తప్పులు తనే ఎర్రపెన్నుతో దిద్దుకుంటుంది. ఒక్కచోట మాత్రం ఆగిపోయింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ దొర కాలంలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా. కరువు రోజులవి. అమ్మమ్మ ముత్తాత కూడా ఆరోజు ఆ నీళ్లలో దిగాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆధారం చూపిస్తేగానీ రాయనంటోంది. టీచరమ్మ కదా!

మా సంఘంలో అడిగితే అంత పాత రిజిస్టరు లేదన్నారు. ఆ మిషన్ కాగితాలు అమెరికాలో, అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీలో ఉంటాయట. అక్కడికి ఎవరైనా రాశారా? వాటిలో మనుషుల పేర్లుంటాయా, లెక్కలేనా? మాకు తెలిసింది ఆయన పాత పేరు, పల్లె పేరు అంతే. బాప్తిస్మంలో పేరు మారిందేమో! అలాంటప్పుడు ఎలా వెతకాలి? మద్దిపాడు వైపు పెద్దల దగ్గర పాత సంఘం పుస్తకాలుంటే చెప్పండి, నేనే వచ్చి చూసుకుంటాను.

వచ్చే నెలలో అమ్మమ్మకు కంటి ఆపరేషన్. ఈలోపే ఆ పేజీ పూర్తిచెయ్యాలని తొందరపెడుతోంది.