‘సీరియస్‌గా కాదు, ____ అన్నాను’: ఆ ఖాళీలో ఏ మాట?

గోదారిగట్టు: పిల్లల పుస్తకంలో వ్యతిరేక పదాల పట్టిక వేస్తున్నాను. ‘సీరియస్’కి ఎదురుగా ‘సరదా’ పెట్టాలంటాను. ‘సరదాకి అన్నానండీ’ అంటే అర్థంకాని తెలుగువాడు లేడు.

అమరం: ముందు ‘సీరియస్’ తీసి ‘గంభీరం’ పెట్టండి. గంభీరమంటే లోతైనది. దానికి విపర్యయం ‘ఉత్తానం’ అని సంస్కృత నిఘంటువు అమరకోశంలోనే ఉంది, అంటే లోతు లేనిది. నీళ్లకు చెప్పిన మాటే తర్వాత మనిషికీ వచ్చింది.

గోదారిగట్టు: ఉత్తానం అని ఏ ఇంట్లో అంటారండీ?

ఓరుగల్లు: మా దిక్కు మజాక్. ‘నిజంగనే అంటున్నవా, మజాక్ చేస్తున్నవా?’

కొలిమి: ఏ సీరియస్సో తేల్చకుండా వాదన ఎందుకు? ‘పేషెంట్ సీరియస్‌గా ఉన్నాడు’కి ఎదురు ‘నిలకడగా ఉన్నాడు’. ‘ఆయన సీరియస్ అయ్యారు’ అంటే కోప్పడ్డారని, దానికి ఎదురు ‘శాంతించారు’. ‘సీరియస్ మనిషి’కి ‘సరదా మనిషి’. ‘సీరియస్ విషయం’కి మాత్రం సరదా పనికిరాదు, ‘చిన్న విషయం’ అనాలి. ఒక్క మాట నాలుగు చోట్లా అతకదు.

అమరం: అందుకే మూలానికి వెళ్లమంటున్నాను. ఉత్తానం.

గోదారిగట్టు: మళ్లీ అదే!

ఓరుగల్లు: నా మాట ఒక్కరన్న పట్టించుకున్నరా? మజాక్ ఉర్దూ అనే గద పక్కకు పెడితిరి. మరి సీరియస్ యాడికెల్లొచ్చింది? మీరనే తమాషా యాడికెల్లొచ్చింది? మీరంటే భాష, మేమంటే యాసనా?

గోదారిగట్టు: యాస అని నేననలేదు. పట్టికలో ఒక్క గడే ఉంది, అందరికీ తెలిసిన మాట పెట్టాలి. అంతే నా బాధ.

మంజీర: ఆ ‘అందరికీ’ దగ్గరే నాకు పేచీ. ‘సరదాకి అన్నాను’ అనేది అన్నవాడు. ఆ మాట పడ్డవాళ్లు ‘ఎగతాళి చేశాడు’ అంటారు. జరిగింది ఒకటే, మాటలు రెండు. మీ పట్టిక అన్నవాడి మాటనే పిల్లలకు నేర్పుతోంది.

గోదారిగట్టు: పడ్డవాళ్లూ ‘సరదాకి అన్నాడులే’ అంటారు.

మంజీర: ఆ ‘లే’ చూడండి. తమకు తాము సర్దిచెప్పుకుంటున్నారు. మీరు ‘లే’ తీసేసి పట్టికకి ఎక్కిస్తున్నారు.

కొలిమి: మంజీర గారు చెప్పింది వ్యాకరణంలోనే దొరుకుతుంది. ‘నాతో’ పడుతుందా, ‘నన్ను’ పడుతుందా చూడండి. ‘నాతో పరాచికాలాడాడు’ అంటాం, ‘నన్ను పరాచికాలాడాడు’ అనం. అక్కడ ఇద్దరూ ఆటలో ఉన్నారు. ‘నన్ను ఎగతాళి చేశాడు’, ‘నన్ను గేలి చేశాడు’, ‘నన్ను హేళన చేశాడు’. వీటిలో ఒకడు చేసేవాడు, ఒకడు పడేవాడు. ‘హేళనకి అన్నాను’ అని ఎవరూ చెప్పుకోరు కూడా. వేళాకోళం ఒక్కటే గట్టు మీద నిలబడింది. ‘నాతో వేళాకోళం ఆడకు’ అంటాం, ‘నన్ను వేళాకోళం చేశారు’ అనీ అంటాం. క్రియ మారగానే పక్షం మారింది. పట్టికలో మాట ఒక్కటే ఇస్తే ఇదంతా పోతుంది. ‘సరదా’ ఉంచండి, కానీ ‘నాతో’, ‘నన్ను’ వాక్యాలు రెండూ కింద ఇవ్వండి.

అమరం: అధస్సూచికలో, అంటే పేజీ అడుగున, ఉత్తానం కూడా.

గోదారిగట్టు: వాక్యాలు వేస్తాను. కానీ ‘సరదా’ అన్నవాడి సాకు మాత్రమే అంటే ఒప్పుకోను. ‘పిల్లలతో సరదాగా గడిపాం’లో ఎవరిని ఎవరు ఏమన్నారు?

మంజీర: అది ‘సరదాగా’. నేను అడిగింది ‘సరదాకి’ గురించి.

ఓరుగల్లు: ‘నాతోని మజాకా?’ అంటం మేము. గా ‘నాతో’ వరుసల మజాక్ గూడ రాయుండ్రి.