నేలవేము కోతకు సంక్రాంతి చలి దాకా ఆగాలా?

బొబ్బిలి మెట్టరైతు:
అరెకరంలో నేలవేము అనే చేదు మందుమొక్క వేశాను. జూలైలో నాటాను, కార్తీకం వచ్చేసరికి మొగ్గ కనిపిస్తోంది. పక్కన పాతిక సెంట్లలో అశ్వగంధ ఉంది. సరుకు కొంటానన్న వ్యాపారి ఒకటే మాట పట్టుకున్నారు: చలి తగలని ఆకులో సారం ఉండదు, సంక్రాంతి దాటాకే కొయ్యాలి, అప్పుడే మంచి ధర కడతారట. చలికి మందు గుణం పెరుగుతుందన్నది నిజమేనా? నిజమైతే ఆగుతాను. కాకపోతే ఈ రెండు నెలల కాపలా ఎందుకు?

మందస కొండదారి:
ఆగండి. మహేంద్రగిరి వైపు మా ఊళ్ళలో పెద్దవాళ్ళు మందాకును చలికాలంలోనే కోసేవారు. ఇది వట్టి నమ్మకం కాదు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ మన మాచిపత్రికి దగ్గరి జాతి మొక్క నుంచి వస్తుంది. ఆ మందును వెలికితీసినందుకే తు యూయూకు 2015లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ మొక్కను చలికి గురిచేస్తే ఆర్టెమిసినిన్ పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. కష్టం వచ్చినప్పుడే మొక్క తన బలాన్ని బయటికి తీస్తుంది. మీ వ్యాపారి చెప్పింది సబబే.

చీపురుపల్లి వృక్షశాస్త్రం:
కొండదారి గారు చెప్పిన ప్రయోగం నిజం. కానీ దాన్ని బొబ్బిలి నేలవేముకు అంటగట్టడం సరికాదు. చలికి ముందుగా కణాల పొరలోని కొవ్వు గట్టిపడుతుంది. కణంలోకి కాల్షియం చొరబడి ప్రమాదం వచ్చిందని కబురు చేరవేస్తుంది. దాంతో చలిని తట్టుకునే జన్యువులు మేల్కొంటాయి, చక్కెరలు, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పోగవుతాయి. మరోవైపు ఆకుపై ఎండ పడుతూనే ఉంటుంది, కానీ ఆ వెలుగును ఆహారంగా మార్చే పని మందగిస్తుంది. వాడుకోలేని శక్తి కణాన్ని దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలుగా మారుతుంది. వాటిని అణచడానికి మొక్క ఫీనాల్స్, ఫ్లేవనాయిడ్లు, ఎర్రరంగునిచ్చే ఆంథోసయనిన్లు అనే రక్షక పదార్థాలను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. ఇంతవరకు మీ పెద్దల మాటకు ఆధారం ఉంది.

అయితే అన్ని మందులూ ఈ దారిలో పుట్టవు. మన పెరళ్ళలో పూసే బిళ్ళ గన్నేరులో చలికి విండోలిన్ తగ్గుతుందని తేలింది. క్యాన్సర్ మందుల తయారీకి పనికొచ్చే ఆల్కలాయిడ్ అది. తులసి జాతి మొక్కలైతే పది, పన్నెండు డిగ్రీల కిందే ఆకు నల్లబడి దెబ్బతింటాయి.

మందస కొండదారి:
అశ్వగంధ మాటేమిటి మరి? దాని మందు గుణానికి మూలమైన విథనోలైడ్లు చలికి ఆకుల్లో పెరిగాయి కదా!

చీపురుపల్లి వృక్షశాస్త్రం:
ఆకుల్లో పెరిగాయి, కాదనను. కానీ బజారులో అమ్ముడుపోయేవి అశ్వగంధ వేర్లు. ఆకు లెక్కను వేర్లకు ఎలా కడతాం? పైగా అలాంటి ప్రయోగాల్లో మొక్కను చాలాసార్లు నాలుగు డిగ్రీల గదిలో పెడతారు. బొబ్బిలి మైదానంలో పుష్య మాసపు తెల్లవారుజాము కూడా అంత చల్లగా ఉండదు. లంబసింగి చలి వేరు, మన చలి వేరు.

ఇంకో లెక్క కూడా చూడండి. ఇవి ఊహకు తీసుకున్న అంకెలే. నూరు కిలోల ఎండు ఆకులో 2 శాతం సారం ఉంటే చేతికొచ్చేది రెండు కిలోలు. చలికి ఎదుగుదల ఆగి అరవై కిలోలే వచ్చి, సారం 3 శాతానికి పెరిగిందనుకుందాం. అప్పుడు వచ్చేది 1.8 కిలోలు. శాతం పెరిగింది, పంట నష్టపోయింది. వ్యాపారికి శాతం కావాలి, రైతుకు మొత్తం కావాలి. ఈ తేడా చెప్పకుండా రైతును ఆగమనడం నాకు బాధగా ఉంది.

రాజాం ఎండుమూలికలు:
నేను ఆకు ఎండబెట్టి అమ్ముతాను. నేలవేములో చేదు, అంటే ఆండ్రోగ్రాఫొలైడ్, ఎక్కువగా ఆకులోనే ఉంటుంది. పూత మొదలయ్యే వేళ అది బాగా ఉంటుంది. గింజ కట్టాక ఆకు రాలిపోతుంది. సంక్రాంతి నాటికి మీ చేలో పుల్లలే ఎక్కువ మిగులుతాయి. రెండేళ్ళ క్రితం నేనూ ఇలాగే ఆలస్యం చేశాను. దానికి తోడు తెల్లవారి మంచు ఆరకముందే కోయించాను. గోనెల్లోనే బూజు పట్టి, సగం సరుకు పారబోశాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మంచు పూర్తిగా ఆరాక కొయ్యండి, నీడలో పలచగా పరచండి, చేతిలో నలిపితే పొడి అయ్యేదాకా మూట కట్టకండి. చలి గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

మందస కొండదారి:
నేలవేము విషయంలో ఒప్పుకుంటాను, ఆకు రాలిపోతే చలి ఏం చేస్తుంది! కానీ కొండ మీద పెరిగిన ఆకు వాసనే వేరు. అది చలి వల్లనా, మట్టి వల్లనా అన్నది పరీక్షించకుండా మా పెద్దల మాటను పక్కన పెట్టను.

బొబ్బిలి మెట్టరైతు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ వారమే నేలవేము కోయిస్తున్నాను, ఎండ ఎక్కాకే. అశ్వగంధను మాత్రం కదపను. దాని వేరు ఎలాగూ కాయ ఎర్రబడి ఆకు ఎండాకే తవ్వాలి. కొండదారి గారి మాట కోసం నేలవేములో రెండు సాళ్ళు సంక్రాంతి దాకా ఉంచుతాను. రెండు కోతలనూ విడివిడిగా తూచి, రెండు నమూనాలనూ ప్రయోగశాలకు పంపుతాను. వ్యాపారికి కూడా అదే చెప్పాను. ఆయన ఇంకా జవాబివ్వలేదు.