అప్‌డేట్: వంకర జింక కొమ్ముతో పెన్ను కుదిరింది

అమెరికాలోని మోంటానాలో దొరికిన రాలిన జింక కొమ్ము వంకరగా ఉంది, డ్రిల్ పక్కకి పొడుచుకొస్తోంది, ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదా. మీరన్నట్టే పెన్ను లోపల కూర్చే ఇత్తడి గొట్టం కంటే కాస్త పొడవుగా రెండు ముక్కలు కోశాను. పొట్టి ముక్కలో వంపు దాదాపు తెలియనే లేదు! రెండు చివర్లా మధ్యన చుక్క పెట్టి, ఆ చుక్కలు ఒకదాని కింద ఒకటి నిట్టనిలువుగా వచ్చేలా వైస్‌లో బిగించి, 7 మి.మీ. బిట్‌తో ఆగి ఆగి తొలిచాను. లోపల స్పాంజిలా గుల్లగా ఉన్నచోట పల్చటి సూపర్ గ్లూ మూడుసార్లు పోశాను, పోసిందంతా పీల్చేసింది. గొట్టం ఎపాక్సీతో అతికించి రాత్రంతా వదిలేశా. లేత్ (ముక్కని గిరగిరా తిప్పే యంత్రం) మీద చెక్కుతుంటే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది, మాస్క్ తప్పనిసరి.

ఇండియాలో ఉన్నవాళ్ళు జింక కొమ్ము జోలికి వెళ్ళొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. గేదె కొమ్ము చూడండి.

క్లిప్ కింద గోధుమరంగు గరుకు కొంచెం మిగిల్చాను. వేలికి భలే తగులుతోంది.