లిటిల్ అండమాన్‌లో మూడు రాత్రులు చాలా, ఐదు ఉండాలా?

పర్లాకిమిడి నుంచి నేను, మా ఆవిడ, అరవై ఐదు దాటిన మా అమ్మ జనవరి రెండో వారంలో అండమాన్ వెళ్తున్నాం. పలాసలో రైలెక్కి విశాఖపట్నం చేరి, అక్కడి నుంచి విమానంలో శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్ చేరతాం. రానూపోనూ టికెట్ల మధ్య తొమ్మిది రాత్రులున్నాయి, ఆ తేదీలు ఇక మారవు. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హేవ్‌లాక్ దీవిలో, రెండు రాత్రులకు గది ఖాయమైంది.

చిక్కంతా లిటిల్ అండమాన్‌తోనే. ఆ దీవిలోని హట్ బే రేవుకు ప్రభుత్వ ఓడలో వెళ్లాలి, ప్రయాణం ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, వాతావరణం బాగోలేకపోతే ఓడ ఆగిపోతుంది. తిరుగు ఓడ తప్పితే విమానం కూడా తప్పుతుంది కనుక, చివర్లో రాజధానిలో ఎన్ని రాత్రులు మిగుల్చుకోవాలో తెలియక లెక్క కుదరడం లేదు. బరంపురంలోని ఏజెంట్లను అడిగితే రంగురంగుల కరపత్రం చేతిలో పెట్టి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ ప్యాకేజీలే చెప్పారు. ఓడల కార్యాలయానికి ఫోన్ చేస్తే ప్రయాణానికి కొద్ది రోజుల ముందు కనుక్కోమన్నారు.

మాకు కావలసినవి బట్లర్ బే తీరం, జలపాతం మాత్రమే. అలల మీద స్వారీ మా వల్ల కాదు. జనవరిలో అక్కడ సాయంత్రం ఐదున్నర దాటకముందే పొద్దుగుంకుతుంది, పైగా అమ్మ ఎక్కువ దూరం నడవలేదు, అందుచేత రోజుకు ఒక్క చోటు చూసినా గొప్పే.

జనవరిలో హట్ బేకు ఓడలో వెళ్లివచ్చినవారు చెప్పగలరా: తిరుగు ఓడ ఒకటి రద్దయినా విమానం అందుకోవాలంటే, అక్కడ మూడు రాత్రులకే ఆగాలా, ఐదు ఉండవచ్చా?