ఇంట్లోనే ఉండే కుక్కకి ఏటా అన్ని ఇంజెక్షన్లూ అవసరమా?

స్నూపీ_నాన్న (కూకట్‌పల్లి):
మా స్నూపీకి నాలుగేళ్ళు, ఐదో ఫ్లోర్‌లో ఉంటాం, పొద్దునా సాయంత్రం పది నిమిషాలు కిందకి దింపుతా అంతే. మొన్న క్లినిక్‌కి తీసుకెళ్తే నైన్-ఇన్-వన్ (తొమ్మిదిటికి కలిపి ఒకే ఇంజెక్షన్), రేబీస్, కెన్నెల్ కాఫ్ (కుక్కల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే దగ్గు), కరోనా (కుక్కల కరోనా, మనకొచ్చింది కాదు) అన్నీ డ్యూ అని లిస్టు చేతిలో పెట్టారు. పిల్లలకి మీజిల్స్ రెండుసార్లు వేయించి వదిలేస్తాం కదా, కుక్కకి ఏటా ఎందుకు? తెలిసినవాళ్ళు చెప్పండి, ఇది అవసరమా వ్యాపారమా.

నిజం_మాట్లాడతా:
వ్యాపారమే బ్రో, డౌటెందుకు. విస్కాన్సిన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రొనాల్డ్ షుల్ట్జ్ ఎప్పుడో చెప్పాడు, డిస్టెంపర్, పార్వో (రెండూ కుక్కల ప్రాణం తీసే వైరస్ జబ్బులు) టీకాలు ఒకసారి సరిగ్గా పడితే ఏళ్ళ తరబడి పనిచేస్తాయని. మా వాడికి రెండో ఏడు నుంచి అన్నీ మానేశా, గుండ్రాయిలా ఉన్నాడు. రేబీస్ కూడా వేయించట్లా, వాడు ఎవర్నీ కరవడు.

బెజవాడ_వెట్:
నిజం గారూ, మొదటి ముక్క కరెక్టే, అక్కడ ఆపితే బావుండేది. ఆ నైన్-ఇన్-వన్ సీసాలు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? మేం వాడేదాంట్లో ఒక సీసా అడుగున తెల్లటి పొడి బిళ్ళలా అంటుకుని ఉంటుంది, అది డిస్టెంపర్, పార్వో, అడినో వైరస్‌లు, బతికున్నవే గానీ బలం తీసేసినవి. ఇంకో సీసాలో నీళ్ళలా ఉండేది లెప్టో, అంటే లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బుకి వేసేది. దీంతో దాన్ని కలిపి ఒకే సిరంజిలోకి లాగుతాం కాబట్టి మీకు ఒకటే ఇంజెక్షన్ అనిపిస్తుంది. పొడి సీసా పెద్ద కుక్కకి మూడేళ్ళకోసారి చాలు, వరల్డ్ స్మాల్ యానిమల్ వెటర్నరీ అసోసియేషన్ చెప్పేదీ అదే. నీళ్ళ సీసాలోది చచ్చిన బ్యాక్టీరియా, దాని పవర్ ఏడాదే.
స్నూపీ నాన్నగారూ, ఆ పది నిమిషాలు దింపేది ఎక్కడ, సెల్లార్ వైపేనా? వానాకాలం అక్కడ నిలిచే నీళ్ళలో ఎలుక ఉచ్చ ఉంటే చాలు లెప్టో రావడానికి, కుక్క నుంచి ఇంట్లోవాళ్ళకీ రావొచ్చు. కరోనాది నేనైతే వేయను. రేబీస్‌లో బేరాల్లేవు. మీవాడు కరవడు సరే, వీధికుక్క వచ్చి వాణ్ణి కరిస్తే?

చింటూ_అమ్మ (రాజమండ్రి):
మీరు ఏటా గురించి కొట్టుకుంటున్నారు గానీ చిన్నప్పుడే సరిగ్గా పడట్లేదు సార్. మా చింటూని 45 రోజులకి తెచ్చాం, అమ్మినాయన ఒక డోసు వేశా అన్నాడు, మేం ఇంకోటి వేయించాం, పదో వారానికే కోర్సు అయిపోయిందన్నారు, నమ్మేశాం. నాలుగో నెలలో పార్వో. నీళ్ళ గిన్నె మీదకి తల వాల్చుకుని కూర్చునేవాడు, తాగేవాడు కాదు, ఆ వాసన ఇప్పటికీ ముక్కులోంచి పోలా. మూడో రోజు పోయాడు. రెండు డోసులు పడ్డా ఎందుకొచ్చింది?

బెజవాడ_వెట్:
అయ్యో. తల్లి జున్నుపాలతో వచ్చిన యాంటీబాడీలు కూన ఒంట్లో ఉన్నన్నాళ్ళూ టీకాలోని వైరస్‌ని కూడా పనిచేయనివ్వవమ్మా. కొన్నిటికి ఎనిమిది వారాలకే తగ్గిపోతాయి, కొన్నిటికి పన్నెండు దాటినా ఉంటాయి, పైకి చూస్తే తెలీదు. అందుకే చిన్నప్పటి ఆఖరి డోసు 16 వారాలు నిండాకే పడాలి, ఆరో నెలలో ఇంకోటి వేస్తే అప్పుడు పట్టనివాటికీ పడుతుంది. మళ్ళీ కూనని తెచ్చేటట్టయితే ముందు ఇల్లు బ్లీచింగ్‌తో కడగండి, ఫినాయిల్‌ని నమ్ముకోకండి, పార్వో నెలల తరబడి అలాగే ఉంటుంది.

తెల్లపిల్లి (మ్యూనిక్):
మా పిల్లిని వైజాగ్ నుంచి తెచ్చేటప్పుడు రేబీస్ వేయించి, నెల ఆగి రక్తం ఇచ్చి, టైటర్ (రక్తంలో యాంటీబాడీల లెక్క) 0.5 దాటిందని చూపించి ఇంకో మూడు నెలలు ఆగాం. అలాంటి టెస్టే మిగతావాటికీ చేయించి ఇంజెక్షన్లు మానేయొచ్చు కదా? పిల్లులకి ఇంజెక్షన్ వేసిన చోట క్యాన్సర్ గడ్డ రావొచ్చని చదివా, ఇక్కడ డాక్టరు భుజాల మధ్య వేయకుండా కాలి కిందవైపు వేశారు.

నిజం_మాట్లాడతా:
చూశారా! క్యాన్సర్!!

బెజవాడ_వెట్:
చాలా అరుదు, అది కూడా రాయండి. కాలికి వేసేది గడ్డ వచ్చినా తీసేయడం తేలికని. టైటర్ డిస్టెంపర్, పార్వోలకి పనికొస్తుంది, ఉందని తేలితే ఆగొచ్చు. లెప్టోకి పనికిరాదు.

నిజం_మాట్లాడతా:
సరే, రేబీస్ దాకా ఒప్పుకుంటా. మిగతాది మాత్రం వ్యాపారమే.

బెజవాడ_వెట్:
అంతవరకైనా సంతోషం. జూలై 6 జూనోసిస్ డేకి (జంతువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల రోజు) పశువుల ఆస్పత్రుల్లో ఫ్రీగా వేస్తారు, 1885లో పాశ్చర్ ఓ పిల్లాడికి మొదటి రేబీస్ టీకా వేయించింది ఆ రోజే. అలాగని జూలై దాకా ఆగకండి.

స్నూపీ_నాన్న:
ఇప్పుడే వాడి టీకాల బుక్కు తీశా. పొడి సీసా స్టిక్కర్ ప్రతి ఏడూ ఉంది, పోయినేడాది పేజీలో మాత్రం లెప్టోది లేదు, ఉత్త సంతకమే! శనివారం లెప్టో, రేబీస్ రెండే వేయిస్తా. కెన్నెల్ కాఫ్ సంగతి ఎవరూ చెప్పలేదు, దసరాకి ఊరెళ్తే వాణ్ణి బోర్డింగ్‌లో వదలాలి.

బెజవాడ_వెట్:
బోర్డింగ్ అయితే వేయించండి, ముక్కులో చుక్కలు వేసేది కూడా ఉంది. వదిలే రోజు కాదు, ఓ వారం ముందే. లెప్టో ఏడాది దాటి గ్యాప్ వచ్చి ఉంటే ఒక డోసుతో అవ్వకపోవచ్చు, నాలుగు వారాలకి రెండోది కావాలేమో ఆ డాక్టర్నే అడగండి. స్టిక్కర్ ఎదురుగా అంటించమనండి.