పిల్లి ఈనేటప్పుడు పక్కన కూర్చోవాలా, గది వదిలి వెళ్లిపోవాలా?

తొలిచూలు

మా పిల్లి నిండు చూలుతో ఉంది. ఇదే మొదటి ఈత. ఎప్పుడు చూలు కట్టిందో కచ్చితంగా తెలియదు కాబట్టి తేదీ లెక్క కుదరడం లేదు. పొట్ట కిందికి జారింది, చనుమొనల చుట్టూ బొచ్చు ఊడింది, నిన్నటి నుంచి పాల చుక్క కూడా కనిపిస్తోంది. అట్టపెట్టెలో మెత్తటి గుడ్డలు పరిచి సిద్ధం చేశాను. అది మాత్రం బీరువా కింది అరలోకే వెళ్లి బట్టలు గీరుతోంది.

మా ఇంట్లో రెండు పార్టీలయ్యాం. "పిల్లి ఈనడానికి మనిషి కాపలా ఏమిటి, తలుపు దగ్గరగా వేసి వచ్చెయ్" అంటుంది అమ్మ. నాకు మనసొప్పడం లేదు. రాత్రంతా పక్కనే కూర్చుంటాను అంటున్నాను. మీరేమంటారు?

వెన్నెలమెట్లు

అమ్మగారి మాటే నాదీ. ఈనబోయే పిల్లి ముందు వెతికేది చీకటి, మరుగు, నిశ్శబ్దం. మనం చేసేదేమిటి? ఫోన్ టార్చి వేస్తాం, వీడియో తీస్తాం, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతాం. పిల్లికి భయం వేస్తే నొప్పులు ఆగిపోతాయి. ఇది ఊహ కాదు, పిల్లుల్లో బాగా తెలిసిన విషయమే. ఒకటో రెండో కూనల్ని ఈని, మిగతావి కడుపులో ఉండగానే లేచి వేరే చోటికి వెళ్లిపోతుంది. పన్నెండు గంటలో, ఒక రోజో గడిచాక మళ్లీ మొదలుపెడుతుంది. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందన్న మాట ఊరికే పుట్టలేదు. దానికి చోటు నచ్చాలి, అక్కడ ఎవరూ ఉండకూడదు.

ఇంకో సంగతి. 1995లో 'వెటర్నరీ రికార్డ్' అనే బ్రిటన్ పత్రికలో వచ్చిన పరిశీలనలో, కలగలుపు జాతి పిల్లుల ఈతల్లో కష్టమైనవి 0.4 శాతమే. మీది మామూలు ఇంటి పిల్లి అయితే ప్రకృతిని నమ్మండి.

నాలుగోజాము

వెన్నెలమెట్లు గారూ, అదే పరిశీలనలో అన్ని ఈతలూ కలిపి చూస్తే 5.8 శాతం. డెవన్ రెక్స్ జాతిలో అయితే 18 శాతం పైనే. పర్షియన్‌లాంటి చప్పిడి ముఖం పిల్లులకు కూన తల పెద్దది, దారి ఇరుకు. కాబట్టి "ఏ పిల్లి" అని అడగకుండా వదిలేయమని చెప్పకూడదు.

జాతి సంగతి అలా ఉంచండి. తొలిచూలు పిల్లికి తనకేం జరుగుతోందో తెలియకపోవచ్చు. మా పిల్లి మొదటి కూనని ఈని, వెనక్కి తిరిగి చూసి, బెదిరిపోయి పెట్టె మూలకు నక్కింది. కూన పొరలోనే ఉంది. పల్చటి, తడి సంచీ లోపల ముక్కు ఒక్కసారి పొరను తోసి మళ్లీ వెనక్కి పోవడం నా కళ్లతో చూశాను. తల్లి వచ్చి నాకుతుందేమోనని కాసేపు ఆగాను. రాలేదు. ముక్కు దగ్గర పొరను వేలితో చీల్చి, నోరు తుడిచి, పొడి తువ్వాలుతో ఒళ్లంతా రుద్దాను. గొంతు పెగిలి కీచుమనేదాకా రుద్దుతూనే ఉన్నాను. ఆ కీచు వినగానే తల్లి లేచి వచ్చి నాకడం మొదలుపెట్టింది. తర్వాతి కూనలన్నింటినీ అదే చూసుకుంది, నేను వేలు కూడా పెట్టలేదు.

ఆ గదిలో నేను లేకపోతే ఆ కూన లేదు. నాకు అంతకన్నా వాదన అక్కర్లేదు.

వెన్నెలమెట్లు

మీ కూన బతికినందుకు నిజంగా సంతోషం. కానీ ఒకటి అడుగుతాను, అది మూలకు నక్కింది బెదిరి కదా? ఎదురుగా మనిషి కూర్చుని ఉండటం కూడా అందులో ఒక కారణం కాదని ఎలా చెప్పగలం? నేను చెప్పేది కూనల్ని గాలికి వదిలేయమని కాదు. మన ఆత్రం దాని మీద రుద్దొద్దని.

రెండుమీసాలు

మా దాని సంగతి పూర్తిగా తిరగబడింది. నేను గదిలోంచి లేస్తే చాలు, నొప్పుల మధ్యలోనే లేచి నా వెనకే వచ్చేసేది. చివరికి నేను పెట్టె పక్కన పడుకుంటేనే ఈనింది. అన్ని పిల్లులకూ ఒకే సూత్రం పనికిరాదు.

పచ్చగౌను

జంతు వైద్యశాలలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. ఈతల సీజన్‌లో మాకు వచ్చే ఫోన్లలో సగం ఈ టెన్షన్‌తోనే వస్తాయి. నేను ప్రతివారికీ చెప్పేది ఒకటే: మీరు ఎంత దూరంలో కూర్చున్నారన్నది పిల్లి తేలుస్తుంది, గడియారం మాత్రం మీ చేతిలోనే ఉండాలి.

చూలు మామూలుగా 63 నుంచి 67 రోజులు. కాలుగాలిన పిల్లిలా తిరగడం, గీరడం, ఒగర్చడం, మేత మానేయడం, ఒక్కోసారి గుర్రుగుర్రుమనడం, ఇదంతా మొదటి దశ. తొలి ఈతకు ఇది ఒక రోజు కూడా పట్టవచ్చు. ఈ దశలో దూరంగా ఉండటమే మేలు, ఇక్కడ వెన్నెలమెట్లు గారితో నేను ఏకీభవిస్తాను. ఈనడానికి ముందు ఒంటి వేడి కాస్త తగ్గుతుందని పదేపదే థర్మామీటర్ పెట్టేవాళ్లున్నారు. పిల్లుల్లో ఆ గుర్తు అంత నమ్మకమైనది కాదు. పైగా దాన్ని పట్టుకుని పెట్టడంతో అది ఇంకా చిరాకుపడుతుంది.

లెక్క మొదలయ్యేది ముక్కడం మొదలయ్యాక. పొట్ట బిగబట్టి గట్టిగా, ఆగకుండా 20–30 నిమిషాలు ముక్కినా కూన రాకపోతే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. కూన సగం బయటికొచ్చి ఇరుక్కున్నా అంతే. తోక ముందు వస్తే మాత్రం కంగారుపడకండి, పది కూనల్లో దాదాపు నాలుగు అలాగే వస్తాయి. ఎర్రటి రక్తం ఆగకుండా కారినా, దుర్వాసన వచ్చినా, పిల్లి నీరసంతో తల వాల్చేసినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకొకటి, గట్టిగా చెప్తున్నాను. నొప్పులు రావడం లేదని ఎవరో చెప్పిన ఇంజెక్షన్ ఇంట్లో వేయకండి. దారిలో కూన అడ్డుపడి ఉంటే ఆ మందు బలానికి గర్భసంచి పగిలిపోవచ్చు.

నాలుగోజాము

పచ్చగౌను గారూ, మీరే ఒక మాట తేల్చండి. నొప్పులు ఆగిపోయినా ఒక రోజు గడిచాక మళ్లీ మొదలవుతాయన్నట్టు పైన వెన్నెలమెట్లు గారు రాశారు. నన్ను భయపెట్టేది ఆ మాటే. నొప్పులు ఆగిపోయిన పిల్లిని చూసి "విశ్రాంతి తీసుకుంటోందిలే" అనుకుని పడుకునేవాళ్లు ఉంటారు. లోపల కూన అడ్డం తిరిగి, గర్భసంచి అలిసిపోయి ఆగిపోయినా బయటికి కనిపించేది అదే కదా, పిల్లి ముక్కడం లేదు అంతే. ఆ తేడా తెలియని మనిషికి "ఆగొచ్చు" అని చెప్పడం ఎంత ప్రమాదం!

పచ్చగౌను

తేడా కనిపిస్తుంది, చూసే మనిషి ఉంటే. ఊరికే ఆగిన పిల్లి హాయిగా ఉంటుంది. కూనలకు పాలిస్తుంది, నాకుతుంది, గిన్నె దగ్గరికొచ్చి తింటుంది, తాగుతుంది. ముక్కదు. అలిసిపోయి ఆగిన పిల్లి ఇవేవీ చేయదు. ఎదురుగా ఏడుస్తున్న కూననైనా పట్టించుకోదు. అయినా నా సలహా, లోపల ఇంకా కూనలున్నాయని తెలిసీ రెండు గంటలు దాటితే, పిల్లి ఎంత హాయిగా కనిపించినా డాక్టర్‌ను అడగండి. ఫోన్ చేసినంత మాత్రాన ఆపరేషన్ చేసేయరు.

కూనలెన్నో తెలియాలంటే చివరి వారంలో ఎక్స్‌రే తీయించడం మేలు. ఎముకలు గట్టిపడి ఉంటాయి కాబట్టి తలలు, వెన్నెముకలు లెక్కపెట్టవచ్చు. నాలుగు అని తెలిస్తే మూడు దగ్గర ఆగినప్పుడు మీకు అర్థమవుతుంది. ఆ అంకె తెలియకపోతే పక్కన కూర్చున్నా, బయట కూర్చున్నా చీకట్లో ఉన్నట్టే.

వెన్నెలమెట్లు

ఈ వివరణ బాగుంది, నేను రాసిన దానికి ఇది జతచేసి చదవండి. తింటూ, పాలిస్తూ ఉన్న పిల్లి గురించే నేను చెప్పింది.

అయినా ఒక చోట మాత్రం నేను వెనక్కి తగ్గను. కాపలా కూర్చున్న మనిషి చేతులు ఊరుకోవు. తల్లి బొడ్డుతాడు కొరకకముందే కత్తెర తీస్తారు, కూన వెంట వచ్చే మావిని (మాయను) తల్లి తింటుంటే అసహ్యంగా ఉందని లాగేస్తారు, తడిగా ఉన్న కూనని చేతుల్లోకి తీసుకుని ఇంట్లో అందరికీ చూపిస్తారు. పుట్టిన కూన తన వేడిని తాను నిలబెట్టుకోలేదు, అలా ఐదు నిమిషాలు తిప్పితే చల్లబడిపోతుంది. చల్లబడిన కూన పాలు పట్టలేదు. ప్రాణం కాపాడిన చేయి ఒకటుంటే, ఊరికే కెలికిన చేతులు ఎన్నో ఉన్నాయి. నాలుగోజాము గారు కాసేపు ఆగి, తల్లి రాదని తేలాకే చేయి పెట్టారు. అంత నిగ్రహం అందరికీ ఉంటుందని నేను నమ్మను.

నాలుగోజాము

నిగ్రహం లేదని గదిలోంచి పంపేయడం కన్నా, ఏం చేయకూడదో నేర్పి కూర్చోబెట్టడం మంచిదని నా పట్టు. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

తొలిచూలు

అందరికీ ధన్యవాదాలు. అమ్మా నేనూ కలిసి చదివాం. చివరికి ఇలా అనుకున్నాం. పెట్టెను ఆ బీరువా అరలోకే మార్చాం, దానికి నచ్చిన చోటు అదే కాబట్టి. గదిలో చిన్న లైటు ఒక్కటే. నేను అవతలి గోడ దగ్గర, దానికి నా కాళ్లు మాత్రం కనిపించేలా కూర్చుంటాను. అమ్మ అటువైపు రాదు, ఎవర్నీ రానివ్వదు. రాత్రి కూడా ఫోనెత్తే డాక్టర్ నంబరు గోడకు అంటించాను. రేపు పొద్దున ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నాం, ఈలోపే మొదలైతే వేరే సంగతి.

ఒక్క సందేహం. తల్లి బొడ్డుతాడు కొరకకపోతే నేనేం చేయాలి?

పచ్చగౌను

ముందు కూన ఊపిరి, తర్వాతే తాడు. కొన్ని నిమిషాలు చూడండి, చాలాసార్లు తల్లే కొరికేస్తుంది. కొరకకపోతే శుభ్రమైన దారంతో పొట్ట నుంచి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో బిగించి కట్టి, ముడికి అవతల, మావి వైపు కత్తిరించండి. కత్తెర ముందే మరిగించి పెట్టుకోండి. తాడును ఎప్పుడూ లాగకండి, పొట్ట దగ్గర చర్మం చిరిగి లోపలివి బయటికి రావచ్చు. మావులు ఒకటి రెండు తింటే తిననివ్వండి, అన్నీ తింటే విరేచనాలవుతాయి. కూనకొక మావి చొప్పున వచ్చిందో లేదో లెక్క రాసుకోండి.

వంటింటి తూకం దగ్గర పెట్టుకోండి. అంతా అయ్యి, కూనలన్నీ ఆరి, పాలు పట్టాక ఒక్కొక్కదాన్ని తూచండి. 90–110 గ్రాములుంటే బాగున్నట్టే. రెండో రోజు నుంచి రోజుకు 10 గ్రాములైనా పెరగాలి. ఏ కూనైనా పెరగకుండా ఆగిపోతే ఆ రోజే తీసుకురండి. మొదటి పాలలోని రక్షణ కూన ఒంటికి పట్టేది పుట్టిన 16–18 గంటల్లోపే, కాబట్టి చనుమొన దొరక్క వెనకబడిన కూనని ఆ సమయం దాటకముందే తల్లి దగ్గర పెట్టండి. రేపు ఎక్స్‌రేలో ఎన్ని కనిపించాయో ఇక్కడ రాయండి.