చెరువు బురదలో కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి 8: నాచు పనా, మురుగు పనా?

తూము:
ఒక నగర చెరువు అడుగు బురదలో కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి 8 వచ్చింది. "10 లోపు ఉంది కాబట్టి ఇది నాచే, మురుగు కాదు" అని మా జట్టులో ఒకాయన రిపోర్టు రాసేశాడు. ఆ మాట నిలుస్తుందా?

పాకుడురాయి:
నిలుస్తుంది. ఆకుల్లో, పుల్లల్లో కార్బన్‌తో నిండిన సెల్యులోజు, లిగ్నిన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ. అందుకే నిష్పత్తి 20 దాటుతుంది. నాచులో నైట్రోజన్ ఉండే ప్రొటీన్ ఎక్కువ, 4 నుంచి 10 మధ్యలో ఉంటుంది. కొత్త లెక్కేం కాదు.

నీటిబొట్టు:
మురుగు కలవని చెరువుకైతే సరే. అక్కడ బురదలో చేరేది నీళ్ళలో పుట్టిందో, గట్టు మీంచి కొట్టుకొచ్చిందో అయ్యుంటుంది. నగరంలో డ్రైనేజీ కూడా వచ్చి కలుస్తుంది కదండీ! మలంలోనూ నైట్రోజన్ దండిగా ఉంటుంది, దాని నిష్పత్తి కూడా నాచు దగ్గరే తిరుగుతుంది. పోనీ నాచే అనుకుందాం, దానికి అమోనియా, ఫాస్ఫరస్ మేపిందెవరు?

పాకుడురాయి:
నైట్రోజన్-15, అంటే బరువైన రకం నైట్రోజన్, ఎంతుందో చూస్తే తేలిపోతుందిగా. మురుగులోంచి అమోనియా ఆవిరయ్యేటప్పుడు తేలిక నైట్రోజన్ ముందు పోయి, బరువైనది మిగులుతుంది.

నీటిబొట్టు:
నైట్రేటును బాక్టీరియా గాలిగా మార్చేసినా అదే జాడ మిగులుతుంది. గాలిలోని నైట్రోజన్‌ను పట్టుకునే నీలి-ఆకుపచ్చ నాచు ఉంటే ఆ జాడ పలచబడిపోతుంది కూడా. నన్నడిగితే కోప్రోస్టనాల్ చూడాలి. పేగుల్లోని బాక్టీరియా కొలెస్టరాల్‌ను మార్చి చేసే పదార్థం అది, నాచు దాన్ని తయారుచేయదు.
అంతకన్నా ముందు తూము గారూ, ఆ 8 బరువు లెక్కా, పరమాణువుల లెక్కా? బరువులో 8 అంటే పరమాణువుల్లో 9.3. ఇక, శాంపిల్ మీద ఆసిడ్ పోశారా? నగర చెరువు బురదలో గుల్లల ముక్కలు, సిమెంటు పొడి ఉంటాయి. ఆసిడ్ చుక్క పడగానే బుసబుస పొంగుతాయి. ఆ ఖనిజ కార్బన్‌ను తీసేయకుండా కొలిస్తే నిష్పత్తి ఉన్నదానికన్నా పెరుగుతుంది. బంకమట్టికి అంటుకున్న అమ్మోనియం దాన్ని మళ్ళీ కిందికి లాగుతుంది. ఈ రెండూ కలిసి 8 చూపించినా చూపిస్తాయి.

పాకుడురాయి:
ఆసిడ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ కోప్రోస్టనాల్ పరీక్షకు యంత్రం అందరికీ దొరకదు. ఆకుచెత్త ఎంతుందో తేల్చడానికైనా నిష్పత్తి పనికొస్తుంది, దాన్ని మరీ తీసిపారేయకండి.

తూము:
ఇప్పుడే షీటు తీసి చూశాను. బరువు లెక్కే. ఆసిడ్ మాట ఎక్కడా లేదు. రిపోర్టు ఆపమని చెప్పాను. మిగిలిన బురద ఫ్రీజర్‌లో ఉంది, రేపు ఒక చెంచాడు తీసి ఆసిడ్ పోసి చూస్తా.